ట్వైలైట్: నవల మాట విన్నచోటే ఓడిన సినిమా

2008 నవంబరులో విడుదలైన ‘ట్వైలైట్’ను ఎగతాళి చేయడం ఇప్పుడు ఎంత సులువైపోయిందంటే, సినిమా చూడనివాళ్లు కూడా ఎండలో మెరిసే రక్తపిశాచి మీద ఒక జోకు వేయగలరు. నేనూ చాలాకాలం ఆ గుంపులో ఉన్నవాణ్ణే. ఇటీవల ఓపికగా రెండు గంటలూ కూర్చుని మళ్లీ చూశాక నా అభిప్రాయం కొంత మారింది. దర్శకురాలు క్యాథరిన్ హార్డ్‌విక్ తన కళ్లతో చూసిన ప్రతిచోటా ఈ సినిమా బతికింది, స్టెఫనీ మేయర్ నవలకు విధేయంగా తల వంచిన ప్రతిచోటా చతికిలబడింది.

ముందుగా ఊరి సంగతి చెప్పాలి. కథ జరిగే ఫోర్క్స్, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఏటా 100 అంగుళాలకు పైగా వాన పడే నిజమైన ఊరు. ఎండ కంటపడకూడని పిశాచాల కుటుంబం అక్కడ కాపురం పెట్టడానికి నవల చెప్పే కారణం అదే. హార్డ్‌విక్ ఆ కారణాన్ని రంగుగా మార్చింది. తెర అంతా నీలం, నాచు పట్టిన ఆకుపచ్చ, తడిసిన రోడ్లు. చిత్రీకరణ ఎక్కువగా పక్క రాష్ట్రమైన ఒరెగాన్‌లో జరిగిందని తెలిసినా, ఆ చలి మాత్రం ఒంటికి తగులుతుంది.

ఆ ఊళ్లోకి వచ్చిన బెల్లాగా క్రిస్టెన్ స్టీవార్ట్ తడబడుతూ, పెదవి కొరుక్కుంటూ మాట్లాడటాన్ని అందరూ వెక్కిరించారు గానీ, సంవత్సరం మధ్యలో కొత్త బడిలో చేరిన 17 ఏళ్ల అమ్మాయి అలాగే ఉంటుంది. బయాలజీ క్లాసులో ఫ్యాన్ గాలికి ఆమె వాసన సోకగానే, ఆ పిశాచాల కుటుంబంలోని కుర్రాడు, కథానాయకుడు ఎడ్వర్డ్ నోరు మూసుకునే తీరు మాత్రం, వాంతి ఆపుకుంటున్నట్టే ఉంటుందని ఒప్పుకోవాలి. అందరికంటే నాకు నచ్చింది బెల్లా తండ్రి, పోలీసు అధికారి చార్లీ. కూతురి ప్రియుణ్ణి లోపలికి పిలిచే ముందు చేతిలోని తుపాకీని సర్దుకునే ఆ ఒక్క క్షణంలో, పది పేజీల సంభాషణకు చాలినంత తండ్రితనం ఉంది.

బేస్‌బాల్ సన్నివేశం సినిమాకు తలమానికం. పిశాచాలు బంతిని కొడితే పుట్టే చప్పుడు ఎవరికీ అనుమానం రాకుండా ఉరుముల్లో కలిసిపోవాలి కాబట్టి, ఉరుములు ఉన్నప్పుడే ఆడతారన్న ఆలోచన నవలలోనిదే. అయితే మ్యూజ్ అనే రాక్ సంగీత బృందం పాటతో ఆ ఆటకు వచ్చిన ఊపు అక్షరాల్లో దొరకదు. మేయర్ కథలో అసలు ప్రతినాయకుడు జేమ్స్ అప్పుడు గానీ రంగంలోకి రాడు. ఈ లోపాన్ని కనిపెట్టి, కథ మొదట్లోనే కొన్ని హత్యలు చొప్పించారు, మంచి ప్రయత్నమే. అయినా ఆ ముక్కలు అతుకుల్లానే మిగిలాయి, ఆఖరి పోరు తొందర తొందరగా ముగిసిపోతుంది.

విధేయత అసలు దెబ్బ కొట్టింది పచ్చికబయలు సన్నివేశంలో. సింహం గొర్రెపిల్లను ప్రేమించిందని ఎడ్వర్డ్ తమ ఇద్దరి గురించి అనే మాట, బెల్లా మైకంలో సాగే పేజీల మీద చెల్లిపోతుంది; ఇద్దరు మనుషులు నాచు మధ్య పైకి అన్నప్పుడు నవ్వొస్తుంది. అంతకుముందు వేరే సంస్థ రాయించిన స్క్రిప్టులో బెల్లాను పరుగుపందేల క్రీడాకారిణిగా మార్చేశారట, కాబట్టి మేయర్ ఈసారి జాగ్రత్తపడటాన్ని తప్పుపట్టలేను. అయితే 1918లో స్పానిష్ ఫ్లూతో చావబోతూ పిశాచిగా మారిన ఎడ్వర్డ్, రాత్రుళ్లు కిటికీగుండా వచ్చి నిద్రపోతున్న అమ్మాయిని నెలల తరబడి చూస్తుంటే, దాన్ని కూడా నవల చెప్పినట్టే ప్రేమగా చూపించాలా? హీరోయిన్ వెంటపడటమే ప్రేమ అని నేర్పిన తెలుగు సినిమాలు చూస్తూ పెరిగినవాడిగా నాకు ఈ సన్నివేశం కొత్తగా అనిపించలేదు, అదే ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

హాలీవుడ్ లెక్కల్లో తక్కువైన 3.7 కోట్ల డాలర్లతో తీసిన ఈ చిత్రం ప్రపంచవ్యాప్తంగా 40 కోట్లకు పైగా వసూలు చేసింది. ఆ బీదరికం చెట్ల మీద పరుగుల్లో, ఎండలో చర్మం మెరుపులో కనిపిస్తూనే ఉంటుంది. ఇంత తెచ్చిపెట్టిన హార్డ్‌విక్ తర్వాతి నాలుగు భాగాల్లో ఒక్కదానికీ దర్శకత్వం వహించలేదు, నాలుగింటినీ మగవాళ్లే తీశారు. రెండో భాగంలో ఆ నీలం పోయి బంగారు వన్నె వచ్చింది. బొమ్మ బాగుంది, ఊరు మాత్రం మరెక్కడిదో అనిపించి అరగంటకే ఆపేశాను.