కంటైనర్ దొరవారికి

విశాఖ పోర్టులో కొలువున్న నలభై అడుగుల కంటైనర్ దొరవారికి,

నమస్కారాలు. తమరి భాగ్యం చూస్తే కడుపు మండుతోంది. అమెరికా వీసా కోసం మా పిల్లలు సంపత్ వినాయకుడికి కొబ్బరికాయ కొట్టి, హైదరాబాద్ వెళ్లి, చదువయ్యాక తిరిగి వస్తామని ప్రమాణం చేయాలి. తమరిని ఎవరూ ఆ మాట అడగరు. లోపలి రొయ్యలు వెనక్కి రావనే కదా ఇంత మర్యాదగా సాగనంపుతున్నది!

అయితే తమరు సొంత బలంతోనే సముద్రం దాటుతున్నారని మాత్రం అనుకోకండి. హెడ్, రీస్ అనే ఆర్థికవేత్తలు కెనడా లెక్కలు తీసి 1998లో ఒక సంగతి చెప్పారు. ఒక దేశం నుంచి వలస వచ్చినవారు 10 శాతం పెరిగితే, ఆ దేశానికి కెనడా ఎగుమతులు 1 శాతం, అక్కడి నుంచి దిగుమతులు 3 శాతం పెరుగుతాయట. ఫలానా మిల్లు సరుకు మంచిదనీ, ఫలానా వ్యాపారి డబ్బు ఎగ్గొట్టడనీ చెప్పేది ముందు వెళ్లినవాడే. దిగుమతి దగ్గర ఆ పరిచయాలకు నాలుక రుచి కూడా తోడవుతుంది. దాని ప్రతాపం 2023 జులైలో చూశాం. బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని మన ప్రభుత్వం ఆపగానే, అమెరికాలో మనవాళ్లు సోనా మసూరి బస్తాల కోసం దుకాణాల మీద పడ్డారు. కంప్యూటర్ చదువులు చదివించిన తల్లిదండ్రులు, పిల్లలు బస్తాలు మొయ్యడం చూసి ఏమనుకున్నారో!

రొయ్యలకు ఈ సిఫారసు అంతగా అక్కర్లేదు, ఒప్పుకుంటాను. వాటిని తినడానికి తెలుగు రానక్కర్లేదు.

తమరు పుట్టని రోజుల్లో ఈ తీరం నుంచి కూలీలు ఓడలెక్కి రంగూన్ వెళ్లేవారు, బర్మా బియ్యం ఇటు వచ్చేది. 1962లో అక్కడ గద్దెనెక్కిన సైనిక ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేసి, మనవాళ్లకు పొగబెట్టింది. అలా వచ్చినవారితోనే మన కంచరపాలెంలో బర్మా క్యాంపు వెలిసింది. రుచులు వెంట వచ్చాయి. దుకాణాలు, ఖాతాదారులు అక్కడే ఉండిపోయారు.

ఆ తర్వాత తమరి వంతు వచ్చింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. మరుసటి నెలలోనే కొత్త హెచ్-1బి ఉద్యోగ వీసా దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము పెట్టింది. మనిషీ సరుకూ ఒకే గుమ్మం ముందు నిలబడ్డాక గానీ తమరి ఇనుప ఒంటికి చెమట పట్టలేదు.

కాబట్టి దొరా, వరుసలో కాస్త సర్దుకోండి. నలభై అడుగులూ తమరే ఆక్రమిస్తే మా పిల్లలు ఎక్కడ నిలబడాలి?

ఇట్లు,
పోర్టు రోడ్డులో తమరి లారీ వెనక హారన్ కొడుతున్న స్కూటరు మనిషి