హై వింగే క్షేమమంటే సరిపోదు

"సొంతంగా ఎగరాలనుకుంటే సెస్నా 172 లాంటి హై వింగే తీసుకోండి, పైపర్ చెరొకీ లాంటి లో వింగ్ జోలికి పోకండి." ఈ ఫార్వర్డ్ కనీసం పదిసార్లు నా దగ్గరికి వచ్చింది. రెక్క బాడీకి పైన ఉండే చిన్న విమానం హై వింగ్, కింద ఉండేది లో వింగ్. ఫార్వర్డ్ చెప్పే కారణాలివీ: హై వింగ్‌లో బరువంతా రెక్క కింద వేలాడుతుంది కాబట్టి లోలకంలా తనే నిటారుగా నిలబడుతుందట. ఇంధనం పైనుంచి కారుతుంది కాబట్టి ఇంజన్ ఆగదట. చుట్టూ బాగా కనిపిస్తుందట. లో వింగేమో దిగేటప్పుడు రన్‌వే మీద తేలుతూ పోతుందట. రెండు రకాలూ అద్దెకు తీసుకుని నడుపుతుంటాను కాబట్టి జవాబు రాస్తున్నా.

లోలకం మాట శుద్ధ తప్పు. లోలకాన్ని వేలాడదీయడానికి పైన మేకు ఉండాలి, గాల్లో మేకెక్కడిది? విమానం ఒరిగితే రెక్క పుట్టించే లిఫ్ట్ (పైకెత్తే బలం) కూడా దానితోపాటే ఒరుగుతుంది. అసలు జరిగేది వేరు. ఒరిగిన విమానం ఆ పక్కకు కాస్త జారుతుంది, గాలి ఏటవాలుగా తగులుతుంది. రెక్క పైనుంటే, బాడీ చుట్టూ మళ్లే ఆ గాలి కిందికి వాలిన రెక్కను ఎత్తుతుంది. రెక్క కిందుంటే ఇంకా దించుతుంది. ఇది డిజైన్ చేసినవాళ్లకు తెలియనిదా? రెక్కల కొసలు పైకి లేచి ఉన్నా విమానం అలాగే నిటారుగా వస్తుంది. అందుకే 172 రెక్కలు కొసల వైపు 2 డిగ్రీలు కూడా లేవవు, చెరొకీ రెక్కలు 7 డిగ్రీలు లేచి ఉంటాయి. ముందు నిలబడి చూస్తే మీకే తెలుస్తుంది.

ఇంధనం విషయంలో కొంత నిజముంది. 172లో ఏ ట్యాంకు వాడాలో ఎంచుకునే సెలెక్టర్‌ను 'బోత్' (రెండూ) మీద ఉంచితే రెండు ట్యాంకుల నుంచీ వస్తుంది. చెరొకీలో ఎడమ, కుడి మాత్రమే. గుర్తుపెట్టుకుని మార్చకపోతే ఒక ట్యాంకు నిండా ఉండగానే ఇంజన్ ఆగిపోవచ్చు. నేనైతే అరగంటకోసారి ఫోన్ మోగేలా పెట్టుకుంటాను. అంతమాత్రాన హై వింగ్ ఇంజన్ ఆగదనడం ఏమిటి? రెండూ ఖాళీ అయితే కారడానికి ఏముంటుంది? పైగా 172లోనే ఒక మోడలైన 172ఎస్‌ది ఇంధనాన్ని ఒత్తిడితో చిమ్మే ఇంజెక్షన్ ఇంజన్, దానికీ పంపులున్నాయి. ఇంకో సంగతి: హై వింగ్‌లో ట్యాంకు మూత తీసి పుల్ల ముంచి చూడాలంటే పైకెక్కాలి. ఆ బద్ధకంతో గేజీని నమ్మి బయలుదేరేవాళ్లను చూశాను.

కనిపించడం గురించి. కింద ఊళ్లు చూడాలంటే హై వింగే, సందేహం లేదు. కానీ రన్‌వే వైపు తిరిగే చివరి మలుపులో, వాలిన రెక్క ఆ రన్‌వేనే కప్పేస్తుంది. లో వింగ్‌లో అది ఎదురుగా కనిపిస్తుంది, కాళ్ల కింద ఉన్నదే కనిపించదు. నాకు టెన్షన్ పెట్టేది మాత్రం ఈ రెండూ కలిసినప్పుడు: కంట్రోల్ టవర్ లేని చోట లో వింగ్ పైన, హై వింగ్ దాని కిందుగా ఒకే రన్‌వేకి దిగుతుంటే ఇద్దరిలో ఎవరికీ రెండోవాడు కనబడడు. రేడియోలో మాట్లాడుకోవడమే దిక్కు.

తేలడం? నేలకు దగ్గరగా ఉన్న రెక్కకు గ్రౌండ్ ఎఫెక్ట్ (నేల దగ్గర విమానం మరింత తేలిగ్గా తేలడం) కాస్త ఎక్కువే. అయితే స్పీడు ఎక్కువతో వస్తే 172 కూడా తేలుతుంది.

హై వింగ్ ఎంచుకోవడానికి అసలు కారణాలు ఆ ఫార్వర్డ్‌లో లేనే లేవు. పొదలూ కంచెలూ ఉన్న మట్టి రన్‌వే మీద రెక్క ఎత్తులో ఉండటమే మేలు. ఎండకూ వానకూ నీడ. చెరొకీకి ఒకటే తలుపు, అదీ కుడివైపు. రెక్క మీదికెక్కి, ముందు పైలట్ లోపలికి జరగాలి, తర్వాత పక్కవాళ్లు. మోకాళ్ల నొప్పులున్న మా నాన్న వచ్చినప్పుడు నేను బుక్ చేసేది 172నే.