అమ్మాయికి ఐదు క్యారెక్టర్లు

మా చెల్లెలు పొద్దున్నే ఫోన్ చేసి ఏడుపు గొంతుతో, "అన్నయ్యా, కాలేజీలో పిల్ల క్యారెక్టర్ మీద మార్కులు వేస్తారంట" అంది. కోనసీమలో పెళ్ళీడు పిల్ల తల్లికి ఇంతకంటే భయంకరమైన వార్త ఉండదు. మా వైపు క్యారెక్టర్ అంటే, సంబంధం వచ్చినప్పుడు అవతలివాళ్ళు మన వీధి చివర కిళ్ళీకొట్టు దగ్గర వాకబు చేసుకునే సంగతి. దానికి మార్కులేమిటి? పైగా ఐదు చూపించాలిట. ఒకటి కాపాడుకోవడానికే మంచాన పడుతున్నాం, ఐదెక్కడ తెస్తాం?

ఆరా తీస్తే తేలిందేమిటంటే, పిల్ల రాజమండ్రిలో యానిమేషన్ చదువుతోంది కదా, ఇంతవరకూ ఎవరూ గీయని ఐదు పాత్రలు సొంతంగా పుట్టించడం ఈసారి డ్రాయింగ్ ప్రాజెక్టు. ఒక్కో పాత్రనీ ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి గీస్తే అది మోడల్ షీట్. అదే మొహానికి నవ్వు, ఏడుపు, కోపం, అనుమానం అంటిస్తే ఎక్స్‌ప్రెషన్ షీట్. మా చెల్లెలు ఊపిరి పీల్చుకుంది. నాకు మాత్రం అప్పుడే అసలు టెన్షన్ మొదలైంది. సొంత పాత్రల వల్ల డెల్టాకి రాబోయే ముప్పు గురించి ఒక్క పెద్దమనిషీ నోరు విప్పడం లేదు కాబట్టి, ఈ నాలుగు మాటలూ నేనే రాయాల్సి వస్తోంది.

పిల్ల చేసిన మొదటి తప్పు, సెలవులకి ఇంటికొచ్చి కాలవగట్టు మీద కూర్చుని గీయడం. గట్టు మీద కూర్చుంటే ఏం కనబడతాయి? ఉన్నవే కనబడతాయి.

మొదటి పాత్ర పులస. సముద్రంలో ఉన్నంతకాలం ఇలస అని పిలిపించుకుని, గోదావరి ఎర్రనీటికి ఎదురీదాక పులసగా పేరు మార్చుకున్న చేప. తన కోసం జనం పుస్తెలమ్ముకుంటారని దానికి తగని గర్వం. ఈదుకుంటూ ధవళేశ్వరం దాకా వచ్చి, గుర్రం మీదున్న కాటన్ దొర విగ్రహాన్ని పట్టుకుని, "1852కల్లా ఆనకట్ట కట్టించి అందరికీ నీళ్ళిచ్చారు, బాగుంది. మరి నా దారి సంగతేంటి దొరగారూ?" అని నిలదీస్తుంది. ఇళ్ళల్లో కాటన్ దొర ఫొటో పెట్టుకున్న జిల్లాలో ఒక చేప ఇంత మాట అనవచ్చునా?

రెండోది సఖినేటిపల్లి రేవులో బళ్ళనీ మనుషుల్నీ గోదావరి దాటించే పంటు. నిండితే గానీ కదలదు. దాని ఎక్స్‌ప్రెషన్ షీట్‌లో ఆరు గళ్ళలోనూ ఒకటే మొహం, కింద ఒకటే మాట: "ఇంకో బండి పడుతుందండి." మూడోది డేగ పుంజు. కోడిపందేల పంచాంగమైన కుక్కుట శాస్త్రం కంఠతా పట్టి, ఏ రోజు బరిలోకి దింపబోయినా "ఇవాళ నక్షత్రం నాకు అచ్చిరాదు" అంటుంది. ఇలాంటి పుంజు ఒక్కటి పుడితే సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల హోటళ్ళవాళ్ళ గతేం కాను?

నాలుగోది రొయ్య. ఇది మా బావగారి చెరువు నుంచి వచ్చింది. అర్ధరాత్రి కరెంటు పోతే, చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోతాయి. తెల్లారగట్ల నీళ్ళలో ఆక్సిజన్ బాగా తగ్గుతుంది. రొయ్యలు పైకి తేలతాయి. పిల్ల రొయ్య ఆ నీటి మీద తేలి, గట్టు మీద టార్చిలైటుతో పరిగెత్తే మనిషిని చూసి, "పాపం, ఈయనకి ఊపిరాడట్లేదు" అని జాలిపడుతుంది. ఈ బొమ్మ చూసి మా బావగారు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత గొంతు సవరించుకుని లెక్కల్లోకి దిగారు.

"సెకనుకి ఎన్ని బొమ్మలు కావాలమ్మా?"

"24 ఫ్రేములు నాన్నా. ఒక్కో బొమ్మనీ రెండేసి ఫ్రేములు ఉంచితే 12 చాలు."

"అంటే నిమిషానికి 720. మేత ఖర్చు?"

మేత ఉండదని చెబితే ఆయన నమ్మలేదు. కార్టూన్ బొమ్మలకి చేతికి నాలుగేసి వేళ్ళే గీస్తారని, పని తగ్గుతుందని తను చెప్పింది. "మరి వేలికింత చొప్పున ఫీజులో తగ్గించరా?" అన్నారాయన. నాకూ న్యాయంగానే అనిపించింది.

ఐదో పాత్ర దగ్గర నేను కొంచెం ఆగాలి. దాని పేరు మావయ్య. బొజ్జ, భుజం మీద తువ్వాలు, చంకలో గొడుగు. ఎవరినీ ఉద్దేశించి గీయలేదని పిల్ల ఒట్టేసింది. అయితే వాళ్ళ చదువులో సిలూయెట్ టెస్ట్ అని ఒకటుంది. బొమ్మని కళ్ళూ ముక్కూ లేకుండా మొత్తం నల్లగా నింపేస్తారు. ఆ నీడని చూసి ఎవరో పోల్చుకోగలిగితేనే పాత్ర గట్టిదన్నమాట. ఆ నల్లబొమ్మని గుమ్మంలో పాలు పోస్తున్న ఆయనకి చూపించింది. "మావయ్యగారే కదండీ, ఆయ్. ఆ బొజ్జ ఇంకెవరికుంటదండీ" అన్నాడు. రేవులో అడిగినా అదే మాట. ఒక పెద్దాయన కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చి మరీ చెప్పాడు. కళ కోసం ఎవరో ఒకరు పరువు పోగొట్టుకోవాలి కాబట్టి ఊరుకున్నాను.

కాలేజీలో పరీక్షకులు మాత్రం ఊరుకోలేదు. వాళ్ళకి నేను సర్వదా కృతజ్ఞుణ్ణి. "గీత బాగుందమ్మా, కానీ ఒరిజినాలిటీ లేదు. ఇవన్నీ మీ ఊళ్ళో ఉన్నవే కదా" అన్నారు. ఎంత సూక్ష్మమైన మాట! మొదటి బహుమతి వచ్చిన కుర్రాడి పాత్రకి నీలం జుట్టు, మొహంలో సగం మేర కళ్ళు, వీపు మీద కత్తి. రెండో బహుమతి పాత్రకి జుట్టు ఎరుపు. మూడోదానికి జుట్టు తెలుపు, కత్తులు రెండు. మూడింటికీ పోలికే లేదు. దీన్నిబట్టి ఒరిజినాలిటీ జుట్టు రంగులో ఉంటుందని రుజువైంది. ఈ లెక్కన మా ఊళ్ళో గోరింటాకు పెట్టుకునే పెద్దవాళ్ళందరూ ఒరిజినలే.

పిల్ల తలవంచుకుని రాకుండా ఎదురు ప్రశ్న వేసిందిట. "1928లో తెరకెక్కిన మిక్కీ మౌస్ కూడా ఎలకే కదండీ, ఎవరి ఊళ్ళో లేదు?" అని. వితండవాదం కాకపోతే ఏమిటిది? అమెరికా ఎలక ప్రపంచానికంతటికీ చెందుతుంది. మా వరిచేలో ఎలక బుట్ట పెట్టేవాడికి చెందుతుంది. మిక్కీకి తెల్ల గ్లవ్స్ ఉన్నాయి, దీనికి లేవు. మూడు గుండ్రాలు గీస్తే మిక్కీని ఎవరైనా గుర్తుపడతారంటారా? మా ఎలకని గుర్తుపట్టడానికి గుండ్రాలెందుకు, కొరికిన దుబ్బు చాలు.

ఈ తెగులు పిల్లతో మొదలైంది కాదు, గోదావరి నీళ్ళలోనే ఉంది. కాకినాడ పక్కన మాధవపట్నంలో తోలుబొమ్మలాడించే కుటుంబాలున్నాయి. కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వాళ్ళు ఆడించే పాత్రలే. రామాయణం మధ్యలో దూరి, రాముడికి తెలియని ఊరి సంగతులన్నీ వాగిపోతారు. తోలు పల్చగా గీకి, రంగులు వేసి, మెడ దగ్గరా భుజం దగ్గరా మోచేతి దగ్గరా ముక్కలు చేసి దారంతో కడతారు. తెర వెనక దీపం వెలిగిస్తే జుట్టుపోలిగాడి జుట్టు మొనే ముందు కనిపిస్తుంది, పిల్లలు గోల పెడతారు. సిలూయెట్ టెస్ట్ అనే పేరు తెలియకుండా తరతరాలుగా పాసవుతూ వచ్చాడంటే అది కాపీ కిందికే వస్తుందని నా అభిప్రాయం.

ఆ కీళ్ళు కట్టే పనిని కంప్యూటర్ మీద చేస్తే రిగ్గింగ్ అంటారని పిల్ల చెప్పినప్పుడు మా నాన్నగారు ఉలిక్కిపడ్డారు. ఆయన ఎరిగిన రిగ్గింగ్ ఎలక్షన్లలో జరిగేది. "కదలలేనివాళ్ళని కదిలించడమే తాతయ్యా" అంది పిల్ల. "అదేనే," అన్నారాయన, "మా బూత్‌లో పోయినవాళ్ళు కూడా నడిచొచ్చి ఓటేసేవారు."

పోనీ చదువుకున్నవాళ్ళు మెరుగా అంటే అదీ లేదు. 1897లో రాజమండ్రిలో పుట్టిన చిత్రకారుడు దామెర్ల రామారావు గారు, అక్కడి కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలు దాకా వెళ్ళారు. వెళ్ళినవారు అక్కడే ఉండాలా, లేదా అక్కడి బొమ్మలు తెచ్చి ఇక్కడ దించాలా? రెండూ కాక, తిరిగొచ్చి రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టి, మన మనుషులనీ మన గోదావరినీ గీస్తూ కూర్చున్నారు. 1925లో, 28 ఏళ్ళు నిండకుండానే పోయారు. ఆయన బొమ్మలు ఇప్పటికీ రాజమండ్రి గ్యాలరీలో గోడలకున్నాయి. ఏ ఒక్కరికీ నీలం జుట్టు లేదు. ఇక నరసాపురంలో పుట్టిన బాపు గారి వల్ల జరిగిన నష్టం వేరు. ఆయన పుణ్యమా అని పెళ్ళిచూపుల్లో పిల్లని చూసి "బాపు బొమ్మలా ఉంది" అనడం అలవాటైపోయింది. బొమ్మ మనిషిలా ఉందా అని అడిగేవాడే లేడు.

పిల్ల చివరికి దారికొచ్చింది. ఒక్క రాత్రిలో ఐదు తలలకి ఐదు రంగుల జుట్లు పెట్టి, కళ్ళు పెద్దవి చేసి, పంటుకి కూడా ఒక కత్తి తగిలించి ఇచ్చేసింది. పాసైంది. ఒరిజినాలిటీ మెరుగుపడిందని కింద రాశారు కూడా.

పాత షీట్లు చిత్తుకాగితాల్లో పడేద్దామంటే మా బావగారు పడనివ్వలేదు. రొయ్య ఎక్స్‌ప్రెషన్ షీట్ పట్టుకెళ్ళి చెరువు దగ్గర షెడ్డులో గోడకి అంటించారు. ఇప్పుడు రాత్రి మూడింటికి కాపలా కుర్రాడి ఫోన్ వస్తుంది. "అయ్యగారూ, నాలుగో గడిలో మొహంలా ఉందండీ." ఈయన మంచం మీంచి లేవకుండానే "జనరేటర్ వేసెయ్" అంటారు. కళాఖండాన్ని ఇలా దుర్వినియోగం చేయడం నాకు సుతరామూ నచ్చలేదు.

నా నల్లబొమ్మని టీకొట్టాయన అడిగాడు. నాలో నాకే కొంచెం గర్వం వేసి, దేనికోయ్ అన్నాను.

"ఖాతా పుస్తకంలో అంటించుకుంటానండి, ఆయ్. పేరు రాసే పనుండదు కదండీ."