సవరణ: సేవా నాణ్యత 1992 నమూనాలో లేదు

బెంగళూరులోని మన తెలుగు సంఘం గ్రంథాలయానికి సాఫ్ట్‌వేర్ ఎంపిక గురించి మొన్న రాస్తూ, ఒక సమాచార వ్యవస్థ ఎంత విజయవంతమైందో అంచనా వేయడానికి పరిశోధకులు డిలోన్, మెక్‌లీన్‌లు ఇచ్చిన 1992 నమూనాలోనే ‘సేవా నాణ్యత’ (వాడేవారికి అందే సహాయం ఎంత బాగుందన్నది) ఉందన్నాను. అది తప్పు. వారి రెండు మూల వ్యాసాలనూ మళ్లీ చదివాను. మొదటి దానిలో ఉన్నవి వ్యవస్థ నాణ్యత, సమాచార నాణ్యత, వినియోగం, వాడేవారి సంతృప్తి, వ్యక్తిపై ప్రభావం, సంస్థపై ప్రభావం. సేవా నాణ్యతను 2003లో చేర్చారు. రెండు ప్రభావాలనూ కలిపి ‘నికర ప్రయోజనాలు’ అన్నారు. సరిచూసుకోకుండా రాయడం నా పొరపాటు.

ఆ చేర్పు మనకు చాలా ముఖ్యం. పుస్తకాలిచ్చే బల్ల దగ్గర కూర్చునేది మన పెద్దవాళ్లు. సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే ఫోను ఎత్తి ఓపికగా చెప్పేవారున్నారా? ధర కంటే ముందు అమ్మకందారును ఇదే అడుగుదాం.