మందు కంపెనీ డబ్బు లేకపోతే లైవ్ మ్యూజిక్ ఆగిపోతుందా? ఆ పోస్టుకు నా జవాబు

ఈ మధ్య ఒకే పోస్టును నాకు ఐదారుగురు పంపారు. అందులో ఉన్నది ఇది: సంగీత ఉత్సవాలకు మద్యం కంపెనీలు స్పాన్సర్ చేయడాన్ని తప్పుపట్టేవాళ్లకు సంగీతం సంగతి తెలియదు, అసలు మ్యూజిషియన్లకే దీంతో ఇబ్బంది లేదు, ఆ డబ్బు రాకపోతే లైవ్ మ్యూజిక్ మూతపడుతుంది, కంపెనీ తన పేరు పెట్టుకుంటుందే గానీ ఎవరినీ తాగమనదు, ఎదురు మాట్లాడే ఒకరిద్దరు కళాకారులు తామూ తాగినవాళ్లే కాబట్టి వాళ్లకు మాట్లాడే హక్కు లేదు, తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నారు, ఇష్టం లేనివాళ్లు వాయించడం మానుకోవచ్చు. పంపినవాళ్లలో ఇద్దరు నాతో కలిసి వాయించినవాళ్లు. అందుకే ఊరుకోలేకపోతున్నాను. పదహారేళ్లుగా కీబోర్డ్ వాయిస్తున్నాను, అలాంటి స్టేజీలూ ఎక్కాను. కాబట్టి ఒక్కో మాటకూ జవాబు చెబుతాను.

"మ్యూజిషియన్లకు ఏ ఇబ్బందీ లేదు."

ఎవరిని అడిగి రాశారో గానీ, ఐర్లాండ్‌లో ఏం జరిగిందో చూడండి. అక్కడి బీరు కంపెనీ గిన్నిస్‌కు 250 ఏళ్లు నిండాయని 2009లో అక్కడ ఆర్థర్స్ డే అని ఒక వేడుక మొదలుపెట్టారు. సంస్థ పుట్టిన 1759వ సంవత్సరానికి గుర్తుగా సరిగ్గా 17:59కి, అంటే సాయంత్రం ఆరుకు నిమిషం ముందు, అందరూ గ్లాసు ఎత్తాలి, పబ్బుల్లో, హాళ్లలో బ్యాండ్లు వాయించాలి. పేరున్న కళాకారులు చాలామంది వాయించారు, ఆ సంగతి దాచను. కానీ 2013కి వచ్చేసరికి జానపద గాయకుడు క్రిస్టీ మూర్, వాటర్‌బాయ్స్ బ్యాండ్ మైక్ స్కాట్, ఇద్దరూ ఎవరికి వారు ఆ వేడుకను నిలదీస్తూ ఏకంగా పాటలే కట్టారు. డాక్టర్లు కూడా గట్టిగా అభ్యంతరం చెప్పారు. 2014 మొదట్లో ఆ వేడుకను ఇక జరపడం లేదని గిన్నిస్ యజమాని డియాజియో ప్రకటించింది. పాటల వల్లే ఆగిందని నేను అనను. ఇబ్బంది లేని మనుషులు మాత్రం అలాంటి పాటలు కట్టరు.

ఇది కొత్త సంగతి కూడా కాదు. 1988లో రాక్ గాయకుడు నీల్ యంగ్ బీరు, కూల్‌డ్రింక్ కంపెనీల పేర్లు పెట్టి మరీ, నేను వాళ్ల కోసం పాడను అని పాడాడు. ఆ వీడియోను ఎంటీవీ మొదట వేయనంది, మరుసటి ఏడాది దానికే ఆ ఏటి ఉత్తమ వీడియో అవార్డు ఇచ్చింది.

మిగతావాళ్లు ఎందుకు మాట్లాడరు అంటారా? కాంట్రాక్టు చదివితే తెలుస్తుంది. స్పాన్సర్ గురించి బయట చెడుగా మాట్లాడకూడదని ఒక షరతు చాలా కాంట్రాక్టుల్లో ఉంటుంది. ఈ నెల అద్దె కట్టాల్సినవాడు దాని కింద సంతకం పెట్టి నోరు మూసుకుంటాడు. ఆ మౌనాన్ని చూపించి "వాళ్లకు ఓకే" అని రాయడం నాకు చాలా బాధ కలిగించింది.

"ఆ డబ్బు లేకపోతే లైవ్ మ్యూజిక్ మూతపడుతుంది."

ఎక్కువమంది నమ్మేది ఈ మాటనే కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. సరిగ్గా ఇదే మాట ఒకప్పుడు సిగరెట్ల గురించి అన్నారు. 1954లో అమెరికాలో మొదలైన న్యూపోర్ట్ జాజ్ ఫెస్టివల్ 1980ల మొదట్లో న్యూయార్క్‌లో ఏకంగా ఒక సిగరెట్ బ్రాండ్ పేరుతో, కూల్ జాజ్ ఫెస్టివల్‌గా నడిచింది. తర్వాత ఆ బ్రాండ్ పోయి ఎలక్ట్రానిక్స్ కంపెనీ వచ్చింది. 1998లో అమెరికా రాష్ట్రాలకూ పొగాకు కంపెనీలకూ కుదిరిన ఒప్పందం సిగరెట్ బ్రాండ్ల పేరుతో కచేరీలు జరపడాన్నే చాలావరకు ఆపేసింది. జాజ్ చచ్చిపోలేదు, న్యూపోర్ట్‌లో ఇప్పటికీ వాయిస్తూనే ఉన్నారు. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం ఇంకో దారి పట్టింది. 1987లో పొగాకు మీద పన్ను వేసి, ఆ డబ్బుతో విక్‌హెల్త్ అనే సంస్థ పెట్టి, ఆటలకూ కళలకూ సిగరెట్ కంపెనీలు ఇస్తున్న స్పాన్సర్‌షిప్ స్థానంలో ఆ డబ్బు ఇచ్చింది. అంటే దారి లేక కాదు, వెతికితే దొరికింది.

అది సిగరెట్, మందు వేరు అంటారేమో. సరే, ఫ్రాన్స్‌ను చూడండి, వైన్‌కు పేరుపడ్డ దేశమే కదా. 1991 నాటి ఎవాన్ చట్టం అక్కడ మద్యం ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్‌ను నిషేధించింది. ఆ తర్వాతి ఏడాదే మొదలైన వియే షారూ ఉత్సవం ఇవాళ ఆ దేశంలోని అతి పెద్ద సంగీత ఉత్సవాల్లో ఒకటి. 1982 నుంచి ప్రతి జూన్ 21న దేశమంతా వీధుల్లోకి వచ్చి పాడుకునే ఫెత్ ద లా మ్యూజిక్ కూడా మద్యం కంపెనీ పెట్టింది కాదు, అక్కడి సాంస్కృతిక శాఖ మొదలుపెట్టింది.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను, ఎందుకంటే నాకూ అన్నం పెట్టింది అదే. చిన్న హాళ్లు చాలావరకు బార్ అమ్మకాల మీదే నడుస్తాయి. టికెట్ డబ్బు బ్యాండుకు పోతే, కరెంటు బిల్లు కట్టేది బీరు డబ్బే. దానికి నా దగ్గర సులువైన జవాబు లేదు, ఆ హాళ్లను నేను తప్పుపట్టను. కానీ పాట వినడానికి వచ్చినవాడు ఇష్టమైతే ఒక గ్లాసు కొనుక్కోవడం వేరు, పండుగ పేరే బీరు పేరు కావడం వేరు. ఆ పోస్టు ఈ రెండింటినీ కలిపేసింది.

ఇంకో విషయం. స్పాన్సర్ డబ్బు వస్తే మ్యూజిషియన్‌కు వస్తుందని అనుకుంటున్నారు. వచ్చేది ఆర్గనైజర్‌కు. అందులోంచి పెద్ద పేరున్న ఆర్టిస్టుకు, స్టేజీకి, లైట్లకు, కంపెనీ బ్యానర్లకు పోగా, మధ్యాహ్నం ఎండలో మొదట వాయించే బ్యాండుకు మిగిలేది ఎప్పుడూ ఉండే ఆ కొంచెమే. చాలాసార్లు నాకు పేమెంట్‌లో తగ్గించిన భాగానికి బదులు డ్రింక్ కూపన్లు ఇచ్చారు. వేరే ఏ ఉద్యోగంలోనైనా జీతానికి బదులు మందు ఇస్తే ఒప్పుకుంటామా?

"ఎవరినీ తాగమనడం లేదు."

తాగించాలని లేకపోతే ఆ కంపెనీకి మన పాటతో పనేంటి? ఒప్పందంలో రాసుకునేవే చూడండి: వెనక తెర మీద లోగో, మైకులో ఇన్నిసార్లు పేరు, ఆర్టిస్టు ఫోన్‌లోంచి ఇన్ని పోస్టులు, ఆ ఆవరణలో తమ బ్రాండ్ తప్ప ఇంకోటి అమ్మకూడదనే షరతు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం 2019లో మద్యం వల్ల 26 లక్షల మంది చనిపోయారు, వయసుల వారీగా చూస్తే ఎక్కువ దెబ్బ తగిలింది 20 నుంచి 39 ఏళ్లవాళ్లకే. మన ముందు నిలబడి చేతులు ఊపేది ఆ వయసువాళ్లే. బ్రిటన్‌లో మద్యం కంపెనీలు తమకు తాము పెట్టుకున్న పోర్ట్‌మన్ గ్రూప్ నియమాల ప్రకారం, స్పాన్సర్ చేసే చోట కనీసం 75 శాతం మంది 18 దాటినవాళ్లు ఉండాలి. అంటే నలుగురిలో ఒకరు అంతకంటే చిన్నవాళ్లయినా ఆ నియమం అడ్డుచెప్పదు.

"తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నారు."

ఎవరు ఎవరి ఇంట్లో తింటున్నారో ఆలోచించండి. జనం వచ్చింది పాట కోసం, కంపెనీ వచ్చింది ఆ జనం కోసం. ఇక తాగిన కళాకారులకు మాట్లాడే హక్కు లేదనడం మరీ అన్యాయం, ఆ దారిలో నడిచి వచ్చినవాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. గిటారిస్టు, గాయకుడు ఎరిక్ క్లాప్టన్ 1980లలో తన పాత పాటనే ఒక బీరు యాడ్ కోసం మళ్లీ పాడాడు. 1987 చివర్లో ఆ యాడ్ టీవీలో వస్తున్నప్పుడు ఆయన మందు మానడానికి చికిత్స కేంద్రంలో ఉన్నాడు, ఆ సంగతి తర్వాత ఆయనే చెప్పాడు. 1998లో ఆంటిగ్వాలో వ్యసనాల నుంచి బయటపడేవాళ్ల కోసం ఒక కేంద్రం పెట్టాడు, దానికోసం తన గిటార్లు వేలం వేశాడు. ఈయన్ను కూడా ఆ పోస్టు లెక్కలో వేసుకుంటారా?

"ఇష్టం లేకపోతే వాయించకండి."

ఎప్పుడు తెలుస్తుందో చెబుతాను. ఒకసారి అడ్వాన్స్ తీసుకున్నాం, రిహార్సల్స్ అయ్యాయి, సౌండ్ చెక్‌కి వెళ్తే మా వెనక ఇరవై అడుగుల విస్కీ సీసా బొమ్మ కడుతున్నారు. అంతవరకు స్పాన్సర్ పేరు మాకు ఎవరూ చెప్పలేదు. మా డ్రమ్మర్ మందు మానేసి అప్పటికి ఎనిమిది నెలలు. స్టేజీ మీద అతని సీటు సరిగ్గా ఆ సీసా కింద. వెళ్లిపోదాం అన్నాను. అడ్వాన్స్ వెనక్కి ఇవ్వాలి, అందులో సగం అప్పటికే ఖర్చయింది, మిగతా ముగ్గురికీ ఆ డబ్బు అవసరం. అతనే వాయిద్దాం అన్నాడు. రెండు గంటలు బాగానే వాయించాడు. దిగాక బ్యాక్‌స్టేజ్‌లో మా టేబుల్ మీద, స్పాన్సర్ తరఫున, ఆరు సీసాలు పెట్టి ఉన్నాయి. అతను బయటికి వెళ్లి వ్యాన్‌లో కూర్చున్నాడు, మేం సామాన్లు సర్దేవరకు దిగలేదు.

ఆ తర్వాత నుంచి అడ్వాన్స్ కంటే ముందు నేను అడిగేది స్పాన్సర్ ఎవరని. ఆ పేరు కాంట్రాక్టులో రాయమంటాను, మధ్యలో మారిస్తే డబ్బు తిరిగి ఇవ్వకుండా తప్పుకునే హక్కు కూడా రాయమంటాను. కొందరు రాశారు, కొందరు ఫోన్ చేయడం మానేశారు. ఆ పోస్టు ఫార్వర్డ్ చేసిన మా ఇద్దరు స్నేహితులకూ ఆ పేరా పంపాను, మీకూ కావాలంటే అడగండి, పంపుతాను.