శుభలేఖ మింగిన ఓడ

హనుమకొండలో ఓడలు తయారుచేస్తున్నానని చెబితే ఎదుటివారు అడిగేది ఒక్కటే: “ఎక్కడ వదులుతారు? భద్రకాళి చెరువులోనా, వడ్డేపల్లి చెరువులోనా?”

నావి కాగితపు ఓడలు, నీళ్లకోసం కాదు. బల్ల మీద ఆడే యుద్ధపు ఆటకోసం. నీటిమట్టానికి పైన కనిపించే భాగమే ఉంటుంది, అడుగు చదునుగా బల్లకు ఆనుతుంది. ఓడ పైతలమైన డెక్కు మీద 28 మిల్లీమీటర్ల ఎత్తున్న కాగితపు నావికులు నిలబడతారు. పాచికలు వేస్తాం, ఫిరంగులు పేలాయనుకుంటాం, ఎవరు మునిగారో కొలబద్ద పట్టుకుని తగువు పడతాం. ఇది పెద్దవాళ్లు చేసే పనేనా అని అడిగేవారికి జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకుంటాను. 1898లో ఫ్రెడ్ టి. జేన్ అనే ఇంగ్లీషు రచయిత ప్రచురించిన నౌకాయుద్ధపు ఆటను సాక్షాత్తూ నౌకాదళ అధికారులే ఆడారు. ఆ తర్వాత న్యూయార్కులో ఫ్లెచర్ ప్రాట్ అనే రచయిత నేలంతా ఓడలు పరిచేవాడు. శత్రువు ఎంత దూరంలో ఉన్నాడో ఆటగాళ్లు నేలకు వంగి కంటితోనే అంచనా కట్టేవారు. ఇది విని మా ఆవిడ, “వాళ్లింట్లో నేల ఊడ్చేది ఎవరు?” అంది. ఆనాటి నుంచి నా సముద్రం డైనింగ్ టేబులు దాటలేదు.

కాగితపు ఓడలో కష్టమంతా ముక్కు దగ్గరే. కాగితం ఒకవైపుకు వంగుతుంది గానీ ఒకేసారి రెండువైపులా వంగదు. సీసాకు చుట్టుకున్నంత బుద్ధిగా కొబ్బరికాయకు చుట్టుకోదు. ఎందుకు చుట్టుకోదో 1827లోనే గణితవేత్త గౌస్ లెక్కకట్టి నిరూపించాడు కనుక దాని మీద అప్పీలు లేదు. అందుకే నిజమైన ఓడకు ఉన్న ఉబ్బును చీలికలుగా కోసి, పక్కపక్కన అతికేలా గీయాలి. ప్రతి చీలికకూ అతికించడానికి చెవులు. మడత పడే చోట ఇంకు అయిపోయిన రీఫిల్‌తో గట్టిగా గీత లాగితే 180 జీఎస్ఎం (చదరపు మీటరుకు 180 గ్రాముల) అట్ట కూడా చెప్పిన మాట వింటుంది. మడిచినచోట లేజర్ ప్రింటు పొడిగా రాలి తెల్లగీత తేలుతుంది, దాన్ని గోధుమరంగు స్కెచ్ పెన్నుతో కప్పాలి. చుట్టాలు వచ్చినప్పుడు ఈ చివరి పని చేస్తూ కనిపించకపోవడం మంచిది. పిల్ల సంబంధాలు వెతుకుతున్న ఇళ్లలో మరీను.

ఓడ కంప్యూటర్‌లో ఉన్నంతవరకే నాది. జిరాక్స్ సెంటరులో అడుగుపెట్టాక ఊరందరిదీ. అక్కడి కుర్రవాడు నా పటాలు చూసి, “ఇది సివిల్ ప్రాజెక్టా సార్, మెకానికలా?” అన్నాడు. గైడుగారు సంతకం పెట్టకపోతే చెప్పండి, వేరే ప్రాజెక్టు ఇప్పిస్తాను అని ధైర్యం కూడా చెప్పాడు. ఓడ పక్కలు ఉన్న కాగితాలు నూటికి నూరు శాతం కొలతతో చక్కగా వచ్చాయి. సరిగ్గా డెక్కు దగ్గరికి వచ్చేసరికి అతను టీకి వెళ్లడం, యజమాని కుర్చీలో కూర్చోవడం జరిగాయి. యజమాని పనిమంతుడు. “అంచులు తెగిపోతున్నాయి సార్, పేజీకి సరిపెట్టేశాను” అన్నాడు. అంటే 240 మిల్లీమీటర్ల డెక్కు 230కి దిగింది. ఇలాంటివి పట్టుకోవడానికే ప్రతి కాగితం అడుగున 50 మిల్లీమీటర్ల కొలతగీత ఒకటి వేస్తాను. అది లేదేమిటని అడిగితే, “ఏదో గీత పడింది సార్, కట్టర్‌తో శుభ్రం చేశాను. దానికి డబ్బులు వద్దు” అన్నాడు.

ఆదివారం పొద్దున ఓడ పక్కలు నిలబెట్టి, మీద డెక్కు పెట్టాను. అది ఎక్కడా తట్టుకోకుండా నేరుగా అడుగుకు జారి కూర్చుంది. జిరాక్స్ సెంటరుకు సెలవు. నాలుగింటికి మిత్రుడు తన నౌకాదళంతో వస్తున్నాడు. చుట్టూ సందు పూడ్చాలంటే గట్టి అట్టపట్టీలు కావాలి. నా అవస్థ చూడలేక అమ్మ బీరువా మీది కట్టలోంచి ఒక పెళ్లికార్డు లాగింది. “ఈ పెళ్లి అయిపోయింది బిడ్డా, తీసుకో.”

ఏమి అట్ట! మందంగా, నునుపుగా, అంచున బంగారు జరీ గీతతో. పట్టీలుగా కోసి, ఫెవికాల్ పెట్టి లోపలి గోడల వెంట అతికిస్తే డెక్కు తొణకకుండా కూర్చుంది. మిగిలిన ముక్కలూ వృథా పోలేదు. ఓడ ముక్కున వినాయకుడు వెలిశాడు. వెనకవైపు, మామూలుగా ఓడ పేరు రాసేచోట, ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’ అని పడింది. ఇంత మంగళకరమైన యుద్ధనౌక మీద కాల్పులు జరపడానికి ఎంత శత్రువుకైనా చేతులు రావు.

మధ్యాహ్నం మా ఆవిడ చీరలు ముందేసుకుని, “రేపటి పెళ్లి కార్డు ఏదీ? హాలు పేరు చూడాలి” అంది.

అమ్మ నా వైపు చూసింది. నేను ఓడ వైపు చూశాను.

“అది మొన్న అయిపోయిన పెళ్లిది కదమ్మా?”

“మొన్న అయినది అక్కది అత్తమ్మా. రేపు చెల్లెలిది.”

ఒకే ఇల్లు, ఒకే ప్రింటింగ్ ప్రెస్సు, ఒకే వినాయకుడు. ఫోను చేసి అడుగుదామని నేను అన్నందుకు ఇద్దరూ ఒక్కటయ్యారు. ఇంటికొచ్చి, బొట్టు పెట్టి పిలిచి వెళ్లినవాళ్లను ముందురోజు ‘పెళ్లి ఎక్కడ?’ అని అడిగితే పరువేమైనా ఉంటుందా? పోనీ ఊహించి వెళదామంటే కరీంనగర్ రోడ్డు మీద ఎటు చూసినా ఏదో ఒక గార్డెన్సే.

బాపు, అంటే మా నాన్న, రంగంలోకి దిగాడు. సోషల్ మాస్టారుగా రిటైరైన మనిషి, శాసనాలంటే ప్రాణం. ఫోను లైటు వేసి, ఫిరంగి రంధ్రంలో కన్ను పెట్టి చదవసాగాడు. “సకుటుంబ సపరివార... ఇక్కడ తెగింది. కుడిగోడకు ‘గార్డెన్స్’ ఉంది. దాని ముందుమాట డెక్కు కింద ఉన్నట్టుంది. పెళ్లికొడుకు ఎడమగోడకు, పెళ్లికూతురు కుడిగోడకు ఉన్నారు.” ముహూర్తం ‘ఉదయం 10’ దాకా దొరికింది, నిమిషాలు ఫెవికాల్‌లో కలిసిపోయాయి.

కోస్తే అక్షరాలు పోతాయి, నానబెడితే బంక వదులుతుందని బాపు తీర్పు. బకెట్ తెచ్చారు. నిజం చెప్పాలంటే ఓడ కాసేపు తేలింది. వినాయకుణ్ణి ముందు పెట్టుకుని, ఎటూ ఒరగకుండా, దర్జాగా. బాపు ముఖం వెలిగిపోయింది. “ఇటుకలను నీళ్ల మీద తేల్చిన రామప్ప పక్కనుండి, ఓడ తేలితే వింత ఏముంది!” అన్నాడు. ఆయన ఆ మాట పూర్తిచేసేలోగా వెనకభాగం నాని, అవిఘ్నమస్తు ముందుగా మునిగింది.

పట్టీలు ఒక్కొక్కటే ఊడివచ్చాయి. అమ్మ వాటిని తువ్వాలు మీద పరిచి, పైన పాత దస్తీ వేసి ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టింది. మా ఆవిడ వరుస కలిపింది. హాలు దొరికింది, ముహూర్తానికి నిమిషాలూ దొరికాయి. డెక్కు మాత్రం ముద్దయింది.

అప్పుడే మిత్రుడు మిరపకాయ బజ్జీల పొట్లంతో దిగాడు. బకెట్‌లోకి తొంగిచూసి, కుర్చీలో కూడా కూర్చోకుండా, “ఓడ మునిగింది అన్నా. రూలు ప్రకారం పాయింట్లు నావి” అన్నాడు. ఆట మొదలవలేదు కదా అని నేను. మునిగిందా లేదా అని అతను.

బాపు గొంతు సవరించుకున్నాడు. “పూర్వం ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకంతా రాజులు లాక్కునేవారు. ఆ అన్యాయాన్ని మన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన శాసనంతో మాన్పించాడు. మునిగినవాడి సొత్తు మునిగినవాడిదే. పాయింట్లు ఎవరికీ లేవు.”

మిత్రుడు నోరు తెరిచేలోగా ఆయన పొట్లం తనవైపు లాక్కున్నాడు. “కానీ రేవులోకి వచ్చిన సరుకు మీద సుంకం తప్పదు. అదీ శాసనంలో ఉంది.”

“ఎంత?”

“ముప్పయ్యో వంతు.”

“ఇందులో ఉన్నవి పన్నెండే బాపూ. మీరు అప్పుడే రెండు తీశారు.”

“అది కాకతీయుల నాటి రేటు” అంటూ బాపు మూడోది అందుకున్నాడు.