సరిహద్దు ఊళ్లలో డ్రాగన్ల ఆట: ఆ జాతి గడిని ఖాళీగా వదిలేద్దాం

బెంగళూరులోనో విశాఖలోనో హాస్టల్ గదుల్లో డన్జన్స్ అండ్ డ్రాగన్స్ (తలో పాత్ర పట్టి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట) నేర్చుకున్న పిల్లలు సెలవులకు ఒడిశా సరిహద్దులోని మా పర్లాకిమిడి వచ్చినప్పుడు ఇక్కడి నలుగురినీ కూర్చోబెట్టి ఆడిస్తున్నారు. ఆట కాస్త ఒంటబట్టగానే అందరూ అడిగే మాట ఒకటే. పడమటి కథల్లోని ఈ ఎల్ఫులు, డ్వార్ఫులు మనకెందుకు, మన కథ మనం పెట్టుకోలేమా? పెట్టుకోవచ్చు. పెట్టుకోవాలి కూడా. కానీ ఆ మార్పు ఎక్కడ మొదలుపెడతామన్నది చాలా ముఖ్యం.

ఎక్కువమంది రేస్ దగ్గర, అంటే పాత్ర ఏ జాతిలో పుట్టిందో రాసే గడి దగ్గర మొదలుపెడతారు. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌లో ప్రతి రేస్‌కీ పుట్టుకతో వచ్చే అంకెలున్నాయి. డ్వార్ఫ్‌గా పుడితే ఒంటి గట్టిదనానికి 2 కలుస్తుంది, హాఫ్ ఆర్క్‌గా పుడితే బలానికి 2 కలుస్తుంది. ఎల్ఫ్ అన్నచోట కొట్టేసి మన కొండల గిరిజనులైన సవరల పేరు రాసేస్తే పని అయిపోయిందనిపిస్తుంది. మా బల్ల దగ్గరికి ఒక కుర్రాడు సరిగ్గా అలాంటి కాగితమే తెచ్చాడు. సవరలకు చురుకుదనం 2, విలువిద్య, అడవిలో అలికిడి లేకుండా నడవడం. మెచ్చుకోలుగానే రాశాడు, అందులో అనుమానం లేదు. ఆడటానికి వచ్చిన ఒక సవర అబ్బాయి దాన్ని చివరిదాకా చదివి, "మా నాన్న లెక్కల మాస్టారు. ఆయనకేటి రాస్తావు?" అన్నాడు. ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఆ ప్రశ్నలోనే విషయమంతా ఉంది. ఆర్క్ ఎవరికీ పక్కింటివాడు కాడు. సవరలు, కోదులు, జాతాపులు మన పక్కనే ఉన్నారు, మనతో సంతకొస్తారు, మన పిల్లలతో చదువుకుంటారు. పుట్టుకను చూసి ఎవరికి ఏ పని వస్తుందో, ఎవరి తెలివి ఎంతో తేల్చేసే అలవాటు మన సమాజానికి ముందే ఉంది. ఆ అలవాటుకు పాచికలు, పట్టికలు కూడా జోడిస్తే అది సరదా ఆట ఎలా అవుతుంది? ఆట తయారుచేసే కంపెనీకే ఈ ఇబ్బంది అర్థమైంది. ఆర్క్‌లను, డ్రౌ అనే చీకటి ఎల్ఫులను పుట్టు దుర్మార్గులుగా చూపడం సరికాదని 2020లో ప్రకటించింది. 2024 పుస్తకంలో రేస్ అన్న పేరు తీసేసి స్పీషీస్ అని పెట్టింది, ఆ అంకెలను పాత్ర పెరిగిన నేపథ్యానికి మార్చింది. 1974లో పుట్టిన ఆట యాభై ఏళ్లకు వదిలించుకున్నదాన్ని మనం ఇప్పుడు ఏరికోరి తెచ్చుకోనక్కర్లేదు.

మనుషుల్ని వదిలేసి రాక్షసులు, యక్షులు, నాగులు పెట్టుకుందామనే వాళ్లున్నారు. కొంత నయమే. అయితే ఈ ఆటలో రాక్షసుడు 1970ల నుంచీ ఉన్నాడు. పులి తల, మాయలు, ఎదురుపడితే చంపడమే. గంజాం పల్లెల్లో ప్రహ్లాద నాటకం చూసినవాళ్లకు ఆ బొమ్మ ఆనదు. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక మీంచి హిరణ్యకశిపుడు దిగుతుంటే ఊరంతా నిద్ర మానుకుని చూస్తుంది. సోదరుణ్ణి చంపినవాడి మీద పగ, కన్నకొడుకు మీద ప్రేమ, రెండూ ఆ పాత్రలో కొట్టుకుంటాయి. అలాంటివాణ్ణి 'ఈవిల్' అన్న ఒక్కమాట కింద రాసిపెడితే మిగిలేది ఏముంది?

క్లాసుల సంగతి వేరు. క్లాస్ అంటే పాత్ర చేపట్టే వృత్తి, నేర్చుకునేది, పుట్టుకతో వచ్చేది కాదు. అందుకే ఇక్కడ మనకు చేతినిండా సరుకుంది. విజార్డ్ అనే మంత్రగాడు కొత్త మంత్రాన్ని తన పుస్తకంలోకి ఎక్కించుకోవాలంటే ఒక్కో స్థాయికి రెండు గంటలు, 50 బంగారు నాణేలు ఖర్చని 2014 రూల్. దీన్ని తాటాకుకు మారిస్తే ఆటే మారిపోతుంది. గంటంతో గీసిన అక్షరం మసి పూసి తుడిచాక గానీ స్పష్టంగా కనిపించదు. మసి పూయని ఆకుల కట్ట దొంగ చేతికి చిక్కినా హడావిడిలో ఉత్త ఆకులే అనుకుంటాడు. పాటగాడైన బార్డ్ అయితే మనవాడే. మిత్రుడికి ఒక అదనపు పాచిక ఇచ్చి హుషారెక్కించడం అతని విద్య. బుర్రకథలో కథకుడు ఒక్కడే కథ నడపడు, ఇటూ అటూ వంతలు అందుకోవాలి. కాబట్టి పాచిక కావాల్సినవాడు వంతగా ఒక మాట కలిపితేనే పాచిక ఇవ్వండి. ఊరికే కూర్చుని ఫోన్ చూసుకునే ఆటగాడు కూడా తందాన అంటూ కథలోకి వచ్చేస్తాడు.

నాకు బాగా ఇష్టమైన మార్పు మాత్రం చనిపోయినవాళ్లతో మాట్లాడే మంత్రానిది. మూడో స్థాయి మంత్రం, శవాన్ని ఐదు ప్రశ్నలు అడగొచ్చు, మళ్లీ అడగాలంటే పది రోజులు ఆగాలి. పోలీసు విచారణలా ఉంటుంది. సవర పల్లెల పాత ఆచారంలో పోయినవాళ్లు పూజారి నోట పలుకుతారు, ఇంటివాళ్లు చుట్టూ కూర్చుని వాళ్లతో ఏడుస్తారు, పోట్లాడతారు, బేరమాడతారు. చాలా కుటుంబాలు ఇప్పుడు క్రైస్తవంలోకి వెళ్లాయి, కొన్నిచోట్ల పాత పద్ధతీ ఉంది. ఆ పూజారిని తెచ్చి క్లాస్‌గా పెట్టొద్దు. అది బతికున్న మనుషుల నమ్మకం, మన వేషం కాదు. పోయినవాళ్లకూ మన మీద మనసులో ఏదో ఉంటుందన్న ఆలోచన ఒక్కటి తీసుకుంటే చాలు. మేం ఆడేటప్పుడు శవం ఒక జవాబుకు ఒక కోరిక కోరుతుంది, మాట ఇస్తేనే రెండో జవాబు. ఐదు ప్రశ్నలూ అడిగేవాళ్లు తగ్గిపోయారు.

ఇక కథ నడిచే లోకం గురించి. దానికోసం మ్యాప్ గీస్తూ కూర్చోనక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి జమీందారీయే రెండు ముక్కలైంది. కొరాపుట్ అంచున కొటియా గ్రామాలను మావంటే మావని రెండు రాష్ట్రాలూ అంటున్నాయి, అక్కడివాళ్ల దగ్గర రెండు ప్రభుత్వాల కార్డులూ ఉంటాయి. ఒకే ఊరికి ఇద్దరు రాజులు కానుకలు పంపే దేశం కథకు ఎంత బావుంటుందో చూడండి.

అలాంటి దేశంలో ఆట పుస్తకంలోని 'కామన్' అనే అందరి భాష ఉండకూడదు. తీసేయండి. ఒక్కో పాత్రకు రెండు భాషలే, అన్నీ వచ్చినవాడు ఎవరూ వద్దు. గుణుపురం వైపు సంతలో చింతపండు బేరం చూసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. కొండమీది పెద్ద తిట్టిన తిట్టును సావుకారికి ఉన్నదున్నట్టు చెప్పాలా, మెత్తబరచాలా అని మధ్యలో నిలబడ్డ ఆటగాడు తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు మా బల్ల దగ్గర పుట్టిన టెన్షన్ ఏ డ్రాగన్ వల్లా పుట్టలేదు. ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు సవర భాష నేర్చుకుని, దాన్ని నేర్పే పుస్తకం 1931లో తెచ్చారు. 1936లో మంగెయి గొమాంగో సవరకు సొంత లిపి చేశారు. విజార్డ్ నేపథ్యాలకు ఇంతకన్నా మంచి నమూనాలు ఎక్కడ దొరుకుతాయి?

అడ్డంకి డబ్బు కాదు, అనుమతీ కాదు. ఐదో ఎడిషన్ మూల నియమాలు, సుమారు 400 పేజీలు, 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కిందికి వచ్చాయి. మూలం పేరు చెప్పి ఎవరైనా అనువదించొచ్చు, మార్చొచ్చు, అమ్ముకోవచ్చు కూడా. తెలుగులో ఒక చిన్న పుస్తకం వేయాలంటే ముందు కావాల్సింది బల్ల చుట్టూ తెలుగు, ఒడియా, సవర మాట్లాడే ముగ్గురు. లెక్కల మాస్టారి కొడుకును అడిగాం. నేపథ్యాల అధ్యాయం తనే రాస్తానన్నాడు.